చంకలో తొంభై ఆరు

తాను నిల్వ పెట్టిన మిరప బస్తాలకు బూజు పట్టిందేమో చూసుకోవడానికి సిరుగుప్ప నుంచి వచ్చిన ఫిజిక్స్ అధ్యాపకుడు ప్రవీణ్‌కుమార్, శీతల గిడ్డంగి తలుపుకు బయట గొళ్ళెం పడిన చప్పుడు విని వెనక్కి తిరిగాడు.

“ఆపరేటరు ఉరుకుందప్ప ఏసేసినాడు,” అన్నాడు వెంట వచ్చిన హమాలీ యల్లప్ప. “చెప్పులు బయట ఇడిసిపెట్టండి సార్ అంటే ఇన్నారా? వాకిట్లో చెప్పుల్లేకుంటే లోపల ఎవరూ లేరని లెక్క ఈడ.”

“నేల చల్లగా ఉంటుందని వేసుకొచ్చాను. మరి నీవి?”

“నావి పొద్దున్నే తెగిపాయ.”

ఇద్దరూ తలుపు బాదారు. జానెడు మందపు తలుపు ఆ శబ్దాన్ని మింగివేసింది. ఫోనుకు సిగ్నల్ లేదు. సాయంత్రం ఉరుకుందప్ప ఇంటికి వెళితే తెల్లవారేదాకా ఇటు వచ్చేవారు లేరు. పలుచని చొక్కాలతో అంతసేపు బతకడం కష్టం.

“బయట డయల్ మింద నలభై అనుండాది. బళ్ళారి మే నెల ఎండ అది! ఈడేమో పండ్లు కొట్టుకుంటాండాయి.”

“అది ఫారన్‌హీట్ కొలత, యల్లప్పా. దాన్ని కనిపెట్టినాయన మంచులో ఒక ఉప్పు కలిపి, ఆ చలిని సున్నా అన్నాడు. కరుగుతున్న మంచు ముప్పై రెండు. ఆరోగ్యంగా ఉన్న మనిషి చంకలో వేడి తొంభై ఆరు…”

తన మాట దగ్గర తానే ఆగిపోయాడు. గోడలోంచి లోపలికి వచ్చిన సన్నని గొట్టం చివర వేలెడంత రాగి బుడ్డి వేలాడుతోంది. బయటి డయల్ ముల్లును కదిలించేది అదే. ప్రవీణ్‌కుమార్ చొక్కా గుండీలు విప్పి, బుడ్డిని చంకలో బిగించుకున్నాడు.

అయితే ఆ బుడ్డిని నమ్మేది ముల్లు ఒక్కటే కాదు. గదికి వేడి పట్టిందనుకొని యంత్రం మేల్కొంది; పంకాలు హోరెత్తి, చలిగాలిని వారి మీదికి కుమ్మరించాయి.

“ఏంది సార్, సలి ఇంకా పెంచుతాండారు!”

“తీసేస్తే పంకాలు ఆగుతాయి. కానీ ముల్లు మళ్ళీ నలభైకి దిగుతుంది. ఎవరూ రారు.”

యల్లప్ప గాలికి వీపు తిప్పి నిలబడ్డాడు. తర్వాత మెల్లగా, “తీయొద్దప్పా,” అన్నాడు.

కొంతసేపటికి ప్రవీణ్‌కుమార్‌కు బుడ్డి స్పర్శ తెలియడం మానింది. పుస్తకాల్లో స్థిరబిందువని చదివిన ఆ వేడి తన ఒంటిలోంచి జారిపోతోంది.

“ఇట్లియ్యి. నీ ఒళ్ళు సల్లగైపాయ,” అంటూ యల్లప్ప బుడ్డిని తన చంకలోకి లాక్కున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు అతుక్కొని నిలబడ్డారు.

గొళ్ళెం కదిలింది.

“ఏమప్పా ఇది, తలుపు నేనే సరిగ్గా ఏసింటినే! ముల్లు యాడికో పోయిండాది, మిరపకాయలన్నీ పాడైపోతాయి!” అరుస్తూ వచ్చిన ఉరుకుందప్ప వారిని చూసి కొయ్యబారిపోయాడు.

“మిరపకాయలు సల్లగనే ఉండాయి,” అన్నాడు యల్లప్ప, దవడలు వణుకుతుండగా. “ముందు సార్‌ను ఎండలోకి పట్టుకపో.”