సిమెంటు బస్తాలెక్కిన గుమ్మడి

మేస్త్రి ఇంటి పెరడు పేరుకే పెరడు. ఆయన ఏళ్ల తరబడి తెచ్చి పడేసిన ఇటుక ముక్కలూ కంకరా కలిసి అక్కడి మట్టిని చంపేశాయి. అయినా మేస్త్రి భార్యకు కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ నేల మీదే కన్ను. తనదంటూ నాలుగు మొక్కలు పచ్చగా ఉండాలని ఆమె ఆశ.

మేస్త్రికేమో మట్టి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. "వానలు పడేలోపు ఏదైనా కాస్తే సరే. లేదంటే మొత్తం సిమెంటు చేసేస్తా," అని తేల్చేసి, బస్తాలు తెచ్చి గోడవారగా పేర్చాడు.

ఆమె చెరువు మీద పడింది. నీళ్లు కనపడకుండా కమ్మేసిన గుర్రపుడెక్కను పట్టుకుపోతానంటే వద్దనేదెవరు? తట్టల కొద్దీ మోసుకొచ్చి, స్నానాల నీళ్లు పారే గుంతలో వేసి, కుళ్లితే ఎరువవుతుందని ఎదురుచూసింది. అది కుళ్లితేగా! తడి దొరికిందే చాలని వేళ్లు దింపుకుని, నిక్షేపంలా ఊదారంగు పూలు పూసింది.

పక్క వాటాలో ఉండే ఆడపడుచు పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "అన్నయ్యా, వదిన చెరువునే ఇంటికి తెచ్చేసింది! ఇక చేపలొక్కటే తక్కువ."

మేస్త్రీ నవ్వాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. లోపలికెళ్లి కాసేపు ఏడ్చింది కూడా. నీళ్లలో బతికేదాన్ని తడిలో పెట్టి చావమంటే ఎందుకు చస్తుంది? తప్పు తనదేనని తెలిశాక పట్టుదల రెట్టింపయింది.

మొత్తం పీకి డాబా ఎక్కించి, వేళ్లు ఎండకు తిప్పి పరిచింది. పెళపెళలాడేలా ఎండాక తరిగి, కూరగాయల తొక్కలూ బూడిదా కలిపి పొరలుగా పేర్చి, కాస్త తడిపి గోనెపట్టా కప్పింది. పారతో తిరగేసినప్పుడల్లా కుప్పలోంచి ఆవిర్లు వచ్చేవి. "చెరువురాణిగారికి దండాలు," అంటూ ఆడపడుచు ముక్కు మూసుకుని పోయేది. ఆమె వింటే కదా! చివరికి కుప్ప నల్లగా పొడిపొడిగా మారి, వాన పడ్డ నేల వాసన వేసింది. రాళ్లేరి, మట్టిలో దాన్ని కలిపి, గింజలు నాటింది.

టమాటాలు కాశాయి. గుమ్మడితీగైతే దొరికిందల్లా పట్టుకుని పాకి, ఏకంగా సిమెంటు బస్తాలెక్కి కూర్చుంది.

మబ్బు పట్టిన సాయంత్రం మేస్త్రి పరుగున వచ్చాడు. బస్తాలు లోపలికి చేర్చాలి. కత్తి తీసి తీగ పట్టుకున్నాడు.

"కొయ్యండి," అంది ఆమె, పక్కకు జరగకుండా. "కాసిందో లేదో చూసి మరీ కొయ్యండి."

ఆయన ఆకులు తప్పించాడు. కింద, రెండు చేతులకూ పట్టనంత గుమ్మడికాయ. దాని వంకా నేల వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇది మన పెరడేనా?" అన్నాడు. కత్తి గోడ మీద పెట్టేసి లోపలికి నడిచాడు.

వాన దంచికొట్టింది. ముసురు వదిలేసరికి బస్తాలు బండరాళ్లయ్యాయి.

"అన్నమాట నిలబెట్టుకున్నావన్నయ్యా! పెరట్లో సిమెంటు పోసేశావుగా," అని ఈసారి ఆడపడుచు అన్నను చూసి నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "వదినా, మా వైపు కూడా ఓ తట్టెడు ఎరువు..." అని నసిగింది.

వదిన గుమ్మడికాయ పక్కనే, ఆ బస్తాల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఒళ్లంతా గెలుపే.

"చెరువురాణి ఊరికే ఇవ్వదమ్మా. తట్ట పట్టుకుని నడు చెరువుకి."

ఆడపడుచు కదిలేలోపే మేస్త్రి తట్ట అందుకున్నాడు.