మోటారు గది ముందు బండ

డోన్ దగ్గర గుట్ట కింద కాలేజీ కట్టిన రెండో ఏడు, అంటే యాభై ఏడులో, బావికి కరెంటు మోటారు పెట్టి దానికో ఇటుకల గది కట్టారు. నల్లటి గుట్ట ముందు ఆ ఎర్రటి డబ్బా ప్రిన్సిపాలుకు కంట్లో నలుసైంది. గది గుట్టలో కలిసిపోయేటట్టు ముందొక గోడ కట్టమని మేస్త్రీ ఉరుకుందప్పకు చెప్పాడు.

ఉరుకుందప్ప పుట్టింది బండలు కొట్టే ఇంట్లో. సమ్మెట వదిలి తాపీ పట్టాడన్న కోపంతో అతని మామ బొజ్జన్న రెండేళ్లుగా కూతురింట్లో మెతుకు ముట్టలేదు. వచ్చినా వాకిట్లోనే నిలబడి నీళ్లు తాగి పోతాడు. కూతురు సిద్దమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయేది.

ఉరుకుందప్ప కమ్మీలు కట్టి, ఇనుప వల పరిచి, సిమెంటు మెత్తి, తడి ఆరకముందే బండ గరుకు తెచ్చి, చీలికల్లాగా నిలువు గీతలు గీశాడు. మసి, ఎర్రమన్ను, పేడనీళ్లు పూశాడు. నెల తిరిగేసరికి తొండలు దానిమీదెక్కి ఎండ కాచుకుంటున్నాయి.

హాస్టలు మెట్లకు రాయి కావలసి, కంట్రాక్టరు బొజ్జన్నను పిలిపించాడు. గుట్ట అంచున ఏ బండైనా కొట్టుకోమన్నాడు. బొజ్జన్న నలుగురు కూలీలతో వచ్చి, తక్కినవన్నీ వదిలి, నేరుగా ఆ గోడ ముందు కూర్చున్నాడు. చీలిక కనబడాలని చెంబెడు నీళ్లు చల్లాడు. ఉలి ఆనించి సమ్మెట ఎత్తాడు.

అవతల సున్నం కలుపుతున్న ఉరుకుందప్ప చూశాడు. ఆపితే కూలీల ముందు మామ పరువు పోతుంది, ఇక జన్మలో గడప తొక్కడు. ఊరుకుంటే గోడ పోతుంది. పరిగెత్తాడు.

"మామా, ఆగు. అది బండ గాదు, నేను కట్టిన గోడ."

కూలీలు తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బొజ్జన్న వేళ్లతో తట్టాడు. డొల్లగా మోగింది. వెనక్కి పోయి మోటారు చూసి వచ్చాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

"మన గుట్టకు చీలిక పండుకోని ఉంటాదప్పా," అన్నాడు చివరికి. "నువ్వు నిలబెట్టినావు. ఇదేం బండరా అని దానికే ఈడ కూసున్న్యా."

"తప్పంటావా మామా?"

"తప్పే. సరింగా ఉంటే గుట్టనుకోని పక్కనే పోతాంటి."

ఆ పూట మెట్ల రాయి పక్కనబెట్టి బొజ్జన్న గోడమీద అడ్డంగా గీతలు చెక్కుతూ పోయాడు, వెనకాలే అల్లుడు నిలువు గీతలు పూడుస్తూ పోయాడు. మధ్యాహ్నానికి ఇద్దరూ ఒకే బూడిదరంగులో ఇల్లు చేరారు.

"ఈ పొద్దు ఏం కూర సేసినావమ్మా?" అని అడుగుతూ బొజ్జన్న చెప్పులు విడిచాడు.

వాకిట్లోకి తెచ్చిన నీళ్ల చెంబును సిద్దమ్మ మళ్లీ లోపలికి తీసుకుపోయింది.