పద్నాలుగు ముడుల దారం

"తోసుకోకండయ్యా, విమానం నా జేబులో లేదు," అంటూనే దారం బాబాయ్ భూగోళాన్ని తనవైపు తిప్పుకున్నాడు. విమానాశ్రయంలో విచారణ కౌంటర్ అతనిది. ఇరవై ఆరేళ్లుగా అదే కుర్చీ. కుర్చీకి ఒక చెయ్యి విరిగింది, చొక్కా మోచేతుల దగ్గర అరిగి మాసికలు పడింది. ఎంత దూరం, ఎంతసేపు? పొద్దున లేస్తే ఇవే రెండు ప్రశ్నలు. కంప్యూటర్‌ని నమ్మడు. అక్క కుట్టుపెట్టెలోంచి తెచ్చుకున్న ఎర్రదారం, గంట ప్రయాణానికో ముడి. గోళం మీద ఈ ఊరినుంచి ఆ ఊరికి పరిచి ముడులు లెక్కపెడతాడు. అందుకే ఆ పేరు. ఇంతమందికి దారి చెప్పిన మనిషి తను ఒక్కసారీ విమానం ఎక్కలేదు.

ఇవాళ ఎక్కుతున్నాడు. అక్కకి రేపు పొద్దున ఏడింటికి గుండె ఆపరేషన్. "నీ మొహం చూసి లోపలికెళ్తానురా," అంది. పన్నెండు వేల కిలోమీటర్లు, పద్నాలుగు ముడులు. పదింటి విమానమైతే సెలవు కోసం మేనేజర్ గడ్డం పట్టుకోవాలి. ఒంటిగంటది ఎక్కితే తెల్లవారుజామున మూడింటికి దిగుతాడు, ఇంకా నాలుగు గంటలు చేతిలో ఉంటాయి. ఒక పూట పనిచేసే పోతానని చెప్పి ఊరుకున్నాడు. టికెట్ మీద దిగే టైము చూడనన్నా చూడలేదు. దారం ఉండగా టికెట్ ఎందుకు?

"ఏంటండీ ఈ మోసం!" టోపీ పెద్దమనిషి ఒకడు కౌంటర్ మీద టికెట్ బాదాడు. "ఒంటిగంటకి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగుతామంట. పంతొమ్మిది గంటలు! ఏజెంటు పద్నాలుగన్నాడు."

బాబాయ్ ఊరి పేరు చూశాడు, ఒళ్లు మండింది. రోజుకి నలభైమంది, ఇదే గోల. "పద్నాలుగేనయ్యా! అక్కడి గడియారం మనకన్నా అయిదు గంటలు ముందు. ఆ అయిదూ కలపరేం? బుర్ర ఇంట్లో పెట్టొచ్చారా?"

అన్నాక ఆ టికెట్ మళ్లీ చూశాడు. అక్క ఊరే అది. తను ఎక్కబోయే విమానమే.

అద్దంలోంచి చూశాడు. పదింటి విమానం తలుపులు మూసుకుని వెనక్కి జరుగుతోంది.

ఫోన్ చేశాడు. "అక్కా, డాక్టర్ని రెండు మూడు గంటలు ఆగమను."

"ఆగరురా, నా వెనక ఇంకా ఇద్దరున్నారు. ఏమైంది?"

"అయిదు గంటలు కలపడం మర్చిపోయాను."

అటువైపు నవ్వు. "లోకమంతటికీ చెప్పేవాడివి కదరా, సన్నాసీ!"

"తిట్టవే, బాగా తిట్టు."

"వచ్చాక తిడతా. ఏదన్నా తిని ఎక్కు."

ఎవరిమీద విరుచుకుపడాలో తెలీలేదు. మేనేజర్ మీదా, టోపీ మీదా, గుండ్రంగా ఉన్నందుకు ఈ భూమి మీదా? పోట్లాడి తీసుకోవాల్సిన సెలవుని లెక్క సరిపోయింది కదా అని వదిలేసిన తన మీదే వచ్చింది కోపమంతా.

విమానం సరిగ్గా ఎనిమిదికి దిగింది. ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదిన్నర. బావ బెంచీ మీద కూర్చుని అక్క కళ్లజోడు తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"లోపలికెళ్తూ, నువ్వొచ్చాక తన బదులు నిన్ను తిట్టమని నాకు చెప్పిందిరా," అన్నాడు.

తిట్టలేదు.

అక్కడ విమానాశ్రయంలో, అతని కౌంటర్ మీద భూగోళం తిప్పినచోటే ఆగి ఉంది. దానికి అడ్డంగా ఎర్రదారం. పద్నాలుగు ముడులు, ఆ తర్వాత అయిదు గంటలకీ ముడి పడని ఉత్త దారం వేలాడుతోంది.