కానుగాకు, వెదురాకు

1978 అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం మా కూతురు ఇందిర ఏట్లో పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పూట మా ఊళ్ళో ఎండ కాస్తోంది.

మా ఏరు ఏడాదిలో పది నెలలు ఇసుకే. ఎగువన సోమల పక్క కొండల్లో వాన పడితే, ఇక్కడ మబ్బు లేకపోయినా నీళ్ళొస్తాయి. ముందు చాప పరిచినట్టు పలచని నీరు, నురగనూ చెత్తనూ తోసుకుంటూ వస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళూ పిల్లలూ ఇసుకలోకి దిగి, దానికి ఎదురెళ్ళి పసుపు కుంకుమ చల్లుతారు. మేము చర్చికి పోయేవాళ్ళమే అయినా మా పిల్ల ఏటేటా వాళ్ళ వెంట పోయేది. ఆ రోజు పలచని నీటి వెనకే నిలువెత్తు నీళ్ళొచ్చాయి. మిగతావాళ్ళు గట్టెక్కారు.

మూడు వారాలకు, నేను పాఠాలు చెప్పే బడికి మళ్ళీ వచ్చాను. పిల్లల్ని ఏటి దగ్గరికి తీసుకుపోరాదని హెడ్మాస్టరు హిదాయతుల్లా గారు ఆర్డరు రాసి గోడకు అంటించి ఉన్నారు.

ఒడ్డున మేకలు మేపే సిద్దమ్మను అడిగాను, పెద్ద నీళ్ళు రాకముందు గుర్తేమైనా ఉందా అని.

"ల్యాకేం సారూ. నురగలో సూడాల. కానుగాకొస్తే ఈడ దగ్గర్లో పడిన వాన, కాళ్ళు కడుక్కోవచ్చు. వెదురాకొస్తే కొండ మీంద వాన. గట్టెక్కాల్సిందే."

"ఎవరికీ చెప్పలేదేమమ్మా?"

"మేకలోళ్ళను అడిగేదెవురప్పా," అని తల వంచుకుంది.

ఆ వారమే, శనివారం నాడు నాలుగో తరగతి పిల్లల్ని గట్టు మీదికి తీసుకుపోయాను. రెండు ఆకులూ చేతికిచ్చి, కళ్ళు మూసుకుని తడిమి చెప్పమన్నాను.

హెడ్మాస్టరు సైకిల్ మీద వచ్చారు.

"థామస్ సారూ, ఆర్డరు సూడలేదా?"

"చూశాను సార్."

"ఒక బిడ్డ పోయింది సాల్లేదా? ఇంకొకరికి ఏమన్నా అయితే ఎవురు జవాబు?"

"నేనే. గోదావరి పొడవు మా పిల్లకు కంఠతా వచ్చు సార్. ఈ ఆకు తెలీదు."

కుప్పమ్మ అనే పిల్ల వెదురాకు ఆయన ముందు పెట్టింది.

"ఇదేమాకో మీరు సెప్పండి సార్."

"జొన్నాకు."

"అయితే మీరు మునిగిపోతారు సార్."

పిల్లలు నవ్వారు. నన్ను చూసి ఆపేశారు. నవ్వమన్నాను.

"ఆర్డరు ఆర్డరే," అని ఆయన సైకిలెక్కారు. సోమవారం మెమో వచ్చింది. తీసుకున్నట్టు సంతకం చేసి, దాని కిందే రాశాను: వచ్చే శనివారం కూడా తీసుకుపోతాను. తర్వాత ఇంకో రెండు మెమోలు వచ్చాయి. ఆ మాటే మళ్ళీ రాసిచ్చాను.

ఇప్పుడు 1984. మా తరగతి గోడ మీద ఏటి పటం ఉంది. కొండ మీద వెదురు, ఒడ్డున కానుగలు, లకుముకి పిట్ట గూడు పెట్టే మట్టిగట్టు, ఎండల్లో చెలమ తవ్వితే నీరు పడే చోటు, అన్నీ పిల్లలే గీశారు. తప్పులు సిద్దమ్మ కట్టెతో చూపించి దిద్దించింది.

రెండో మలుపు దాకా వేశాం. ఇందిర దొరికింది ఆ మలుపు కింద. అక్కణ్ణించి ఏరు ఎటు పోతుందో నేనింకా నడిచి చూడలేదు. పటంలో ఆ భాగం గీయలేదు.