ఉత్తరపు గోడ

సైటు ఆఫీసులో టీ కప్పులు కడగడం నా ఉద్యోగంలో భాగమని ఎవరూ చెప్పలేదు. అయినా ప్రతి ఉదయం నేనే కడిగేదాన్ని. మేనేజరు సెకిగుచి గారి కప్పు అడుగున ఎప్పుడూ సిగరెట్ బూడిద ఉండేది. కడుగుతూ తలెత్తితే కిటికీలోంచి సొరంగం నోరు కనిపించేది. లోపల కాంక్రీటు ఎంత మందం పోయాలో లెక్క కట్టింది నేను. ఊట నీళ్ళు పోయే దారి గీసింది నేను. లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. కొండను అవతలిదాకా తొలిచే వరకూ ఆడవాళ్ళు అందులో అడుగు పెట్టకూడదు.

“కొండ ఆడదమ్మా చిజురూ,” అనేవారు సెకిగుచి గారు నవ్వుతూ. “ఇంకో ఆడది లోపలికొస్తే ఓర్చుకోలేదు. రాళ్ళు దించుతుంది. నాకా నమ్మకం లేదనుకో, కుర్రాళ్ళకుంది. ఎందుకొచ్చిన గొడవ? ఫొటోలు తెచ్చిస్తాంగా.”

తెచ్చేవారు. నేను గీసిన గోడ ముందు నిలబడి, రెండు వేళ్ళు చూపిస్తూ దిగిన ఫొటోలు.

ఆ కొండ మా ఇంటి వెనకే ఉంది, వంటింటి ఉత్తరపు గోడకి అవతల. వంటింటికి కిటికీ లేదు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ గోడకి ముఖం పెట్టే బియ్యం కడిగాను. ఒక ఉదయం చలికి చేతులు కొంకర్లు పోతుంటే అనిపించింది: నేను ఆమెని, ఈ కొండని, లోపలికెళ్ళి చూడలేదు, ఆమె నన్ను చూడలేదు, మా ఇద్దరికీ పడదని చెప్పిందంతా మగవాళ్ళే. కొండ నన్ను రావద్దంటే అది కొండే చెప్పాలి. వీళ్ళు చెప్పడమేమిటి?

ఆ వారమే స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పుస్తకాలు తెప్పించుకున్నాను. మా దేశంలో సివిల్ అంటే మట్టి, రాయి, రోడ్లు, సొరంగాలు. భవనం నిలబడుతుందో లేదో చెప్పేవాళ్ళు వేరే. వాళ్ళ పరీక్ష వేరు, నక్షా మీద వేసే వాళ్ళ ముద్ర వేరు.

“రోడ్లు వేసుకునేదానివి, నీకు ఇళ్ళెందుకు?” అన్నారు మా ఆయన నొరియసు, పేపరు తిప్పుతూ. “ఈ వయసులో మళ్ళీ మొదట్నుంచా? ఉన్నచోట సుఖంగా ఉండక.” సుఖం అన్న మాట ఆయన నోట చాలా తేలిగ్గా వచ్చింది. ఆయన చొక్కాలకి ఇస్త్రీ ఎప్పుడవుతుందో, అన్నం ఎప్పుడు ఉడుకుతుందో ఆయనకి తెలీదు. అవన్నీ అయ్యాకే లేస్తారు. నేను పోట్లాడలేదు. సూత్రాల కాగితాలు వంటింటి తొట్టి పైన గోడకి అంటించి, గిన్నెలు తోముతూ చదివాను. తడిసి చిరిగితే మళ్ళీ రాసి అంటించాను.

“ఇదేం మంత్రమే?” అని అత్తయ్య అడిగింది. ఆవిడ పెద్దగదిలో కూర్చుని తినడం నేను చూడలేదు. ఆ తొట్టి పక్కనే నిలబడి నాలుగు ముద్దలు తినేసేది.

“ఇల్లు పడిపోకుండా ఉండే మంత్రం అత్తయ్యా.”

“అయితే గట్టిగా చదువు. ఇంట్లో ఎవరూ ఇంకా నేర్చుకోలేదు.”

పరీక్ష నెగ్గాను. ముద్ర కూడా చేయించుకున్నాను. కానీ రోడ్ల పని చేసినదాన్ని నమ్మి ఎవరు తీసుకుంటారు? పట్నంలో హొసొయ గారని ఒక ముసలాయన, భవనాల లెక్కలు చూసే చిన్న ఆఫీసు నడుపుతారు. ఆయన దగ్గరికి వెళ్తే నా కాగితాలు చూడనే లేదు.

“మట్టి తెలిసినవాళ్ళు చాలామంది వచ్చారు. ఇల్లు తెలిసినవాళ్ళే రాలేదు. ఒక పాత ఇల్లు కొలిచి, భూకంపం వస్తే ఎటు పడుతుందో, పడకుండా ఏం చేస్తావో చెప్పు. సరిగ్గా చెప్తే చేరు. తప్పయితే రోడ్లకే పో.”

“ఏ ఇల్లండీ?”

“నీకు బాగా తెలిసింది.”

నాకు బాగా తెలిసింది ఒక్కటే. ఆదివారం పాత పైజామా వేసుకుని నేల కింద పాకాను, అటక ఎక్కాను. ప్రతి గోడా తట్టాను. టేపు రెండో కొస అత్తయ్య పట్టుకుంది. కొలతలు కాగితం మీద పెడితే, మా ఊరి ఇళ్ళన్నీ చేసే తప్పే కనిపించింది. దక్షిణాన చుట్టాలకని పెద్దగది. ఎండ రావాలి, తోట కనిపించాలి. అందుకని గోడలే లేవు, అన్నీ జారుడు తలుపులే. ఉన్నది ఒక్క గోడముక్క. వంటిల్లు, స్నానాల గది మాత్రం ఉత్తరాన ఇరుకు ఇరుకు గోడల మధ్య. ఇంటి పటుత్వానికి కేంద్రం, అంటే ఇల్లు ఊగినా కదలని చోటు, ఎక్కడుందో లెక్క కట్టాను. తొట్టి పక్కన పడింది. అత్తయ్య నిలబడి తినే చోట. తప్పేమోనని మళ్ళీ కట్టాను. అక్కడే పడింది.

సరిగ్గా అప్పుడే మామయ్య సంవత్సరీకం వచ్చింది. చుట్టాలందరూ పట్టరని మా బావగారు తకెహికో వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చారు. దక్షిణాన ఉన్న ఆ ఒక్క గోడముక్కా తీసేసి, తోటవైపు మొత్తం తెరిచేద్దామని.

నేను టీ ఇచ్చి, ట్రే పక్కన పెట్టి, లేవలేదు.

“ఆ గోడ తియ్యకూడదు బావగారూ. దాని పక్కన ఇంకోటి కట్టాలి.”

మా ఆయన కళ్ళతో లోపలికెళ్ళమన్నారు. బావగారు నవ్వారు. “మరదలు కొండలు తొలిచే మనిషి. ఇంటికి కూడా సొరంగం వేస్తుందేమో చూడరా.”

వంటింట్లోంచి నారింజల అట్టపెట్టె తెచ్చాను. బోర్లించి, ఒక పక్క అట్ట మొత్తం కోసేసి, ఆయన ముందు పెట్టాను.

“బొమ్మలాటా?”

“కాస్త పక్కకి తొయ్యండి.”

వేలితో తోశారు. మూసినవైపు కదలలేదు. తెరిచినవైపు ఊగి, పెట్టె మెలితిరిగింది. ఆయన ఇంకోసారి తోశారు. మళ్ళీ మెలితిరిగింది.

“కదలనిది వంటిల్లు. ఊగేవైపు మన చుట్టాల్ని కూర్చోబెడుతున్నాం,” అన్నాను.

గుమ్మంలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. “అంటే ఇన్నేళ్ళూ నేను చలికి వణుక్కుంటూ నిలబడ్డ చోటే ఈ ఇల్లంతా ఆనుకునుందన్నమాట. నా నడుం ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది.”

వడ్రంగి గొంతు సవరించుకున్నాడు. “కడతాను గానీ, నక్షా మీద ముద్ర ఎవరిదండీ?”

మా ఆయన అన్నగారి వైపు చూశారు. అన్నగారు పెట్టె వైపు చూస్తున్నారు.

“నాది,” అన్నాను.

గోడకి చట్రం నిలబెట్టాక హొసొయ గారి దగ్గరికి వెళ్ళాను. ఆఖరి పేజీ దాకా చదివారు. “మీవాళ్ళు ఒప్పుకున్నారా?”

“పని నడుస్తోంది.”

“లెక్క ఎవరైనా కడతారు. ఇంట్లోవాళ్ళని ఒప్పించడం కష్టం. సోమవారం నుంచి రా.”

ఉద్యోగం మానేస్తున్నానంటే సెకిగుచి గారు నిజంగానే నొచ్చుకున్నారు. “ఇంకొన్నాళ్ళు ఆగమ్మా, అటువైపు తెరుచుకోగానే నిన్ను తీసుకెళ్తాంగా లోపలికి.”

“తెరుచుకున్నాక అది దారండీ. దారిన ఎవరైనా వెళ్తారు,” అన్నాను. ఆ ఉదయం కప్పులు కడగలేదు. కప్పు మీద రాసున్న ఎవరి పేరు వాళ్ళకి కనిపించేట్టు బల్ల మీద వరసగా పెట్టి వచ్చాను.

సంవత్సరీకం నాడు పెద్దగదిలో కొత్త గోడ దగ్గర, మామయ్య కూర్చునే చోట అత్తయ్య కూర్చుంది. గోడకి వీపు ఆనించి, ఒకసారి అటూ ఇటూ ఒత్తి చూసింది. వడ్రంగి నన్ను నక్షా గురించి ఏదో అడుగుతున్నాడు. టీ అయిపోయింది. నేను లేవలేదు. కాసేపు చూసి మా ఆయన లేచారు. గిన్నెల చప్పుడయింది. తర్వాత వంటింట్లోంచి కేక వేశారు.

“చిజురూ, ఇక్కడ ఎప్పుడూ ఇంత చలిగా ఉంటుందా?”

అత్తయ్యా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

దక్షిణాన గోడ లేచింది కాబట్టి ఉత్తరాన కొంత గోడ తియ్యొచ్చు. ఆ లెక్క ఎప్పుడో కట్టేశాను. వడ్రంగి ముందు రెండో కాగితం పరిచాను. తొట్టికి ఎదురుగా రెండు పొరల అద్దంతో ఒక కిటికీ. కొండ వైపు.

ఇక ఆమే నేనూ చూసుకుంటాం.