సరిచేసిన ఆట

"మూడు కిలోలు ఉండాలి. పిల్లి బరువు," అన్నాడు రెమీ, తలుపు దగ్గర కూర్చుని మంచు బూట్లు వేసుకుంటూ. "చేతుల్లోకి తీసుకుంటే మెత్తగా వాలాలి. మధ్యలో, బటన్ బదులు పనిచేసే ఈ సెన్సర్ పలక పట్టేంత చోటు వదులు. రెండింటికల్లా కుట్టేస్తావుగా?"

అది ప్రశ్న కాదు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ తేడా నాకు బాగా తెలుసు. అప్పటికి ఓవెన్‌లో మాంసం కూరిన రొట్టె పైలు నాలుగు కాలుతున్నాయి, ఇంకో ఎనిమిది కాలాలి. బఠాణీ సూపు రెండు పెద్ద గిన్నెల్లో ఉడుకుతోంది. ఉల్లిపాయ చేతులతోనే పాత ఫ్లానెల్ దుప్పటి కత్తిరించాను. వంటింటి కాటాలో బియ్యం తూచి, మూటలో పోసి, పలక పెట్టి అంచులు కుట్టాను. పిల్లి బరువు అన్నాడు కాబట్టి ఆటలో ఉండేది పిల్లే అనుకున్నాను.

డిసెంబరు రెండో శనివారం మాకు పండగ. మాంట్రియల్ తూర్పున మా పేట చర్చి కింది హాల్లో, పెద్ద కంపెనీలు ముట్టుకోని వీడియో ఆటలన్నీ ఒకచోట చేరతాయి. మంచు పారతో ఆడే ఆట, నారింజపండ్లు పిండితే కదిలే ఆట, ముక్కూమొహం తెలియని ఇద్దరు చేతులు పట్టుకుంటే తప్ప మొదలవని ఆట. వచ్చినవాళ్ళు టికెట్ కొని తిని, తాగి, ఆడి, అకార్డియన్‌కి చిందులేసి వెళ్తారు. పోగైన విరాళాలతో, ఆ ఆటలు చేసే మా బృందం వర్క్‌షాపు వసంతం దాకా వెచ్చగా ఉంటుంది. పదకొండేళ్ళుగా పోస్టర్ మీద రెమీ పేరుంటుంది. నా పేరు వెనక వైపు కృతజ్ఞతల జాబితాలో, బీరు ఇచ్చిన షాపుకీ కుర్చీలు ఇచ్చిన పెద్దాయనకీ మధ్యన ఉంటుంది.

నేను మొదట్నుంచీ పైలు చేసే మనిషిని కాదు. పెద్ద ఆటల కంపెనీలో ఆరేళ్ళు తప్పులు వెతికే టెస్టర్‌గా చేశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆటలో ఒకే గోడను రెండు వందల సార్లు గుద్దుకుని, రెండు వందల ఒకటోసారి గోడలోంచి అవతలికి పడిపోతే రిపోర్టు రాసేదాన్ని. రెమీ అక్కడే ప్రోగ్రామరు. "బగ్ కనిపెట్టడం నీ పని, సరిచేయడం నా పని. మనది దేవుడు కలిపిన జంట," అనేవాడు క్యాంటీన్‌లో అందరిముందూ. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. రాత్రిళ్ళు సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నానని చెబితే, "మంచిదే, టెన్షన్ తగ్గుతుంది," అన్నాడు, అల్లికల గురించి చెప్పినట్టు. తర్వాత ఆయన సొంత ఆటలు చేస్తానని ఉద్యోగం మానేశాడు. నేను వేరే కారణానికి మానేసి, ఇప్పుడు మందుల షాపు కౌంటర్లో నిలబడుతున్నాను. ఆ కారణం గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

మూడింటికి హాలు చేరాను. టికెట్ల బల్ల దగ్గర మా అత్తగారు జినెట్, మెడలో వెలిగే లైట్ల దండ వేసుకుని కూర్చుంది. ఒక మాంసం పై మీద కప్పిన గుడ్డ ఎత్తి చూసింది.

"అంచులు ఈసారి మాడలేదే, మిరెయ్. పద్నాలుగేళ్ళకి చెయ్యి తిరిగిందన్నమాట."

"మీ పర్యవేక్షణే కదా," అన్నాను.

రెమీ పరుగున వచ్చి నా చేతిలోంచి మూట లాక్కున్నాడు. చేతుల్లో ఆడించి చూసి, "సూపర్," అని, మూల కట్టిన పరదా వెనక్కి మాయమయ్యాడు. పైలు పన్నెండూ నేనే మోశాను.

నా చోటు హాలు చివర వంటగది. వడ్డించే కిటికీలోంచి నాకు కనిపించేది గిన్నెలు పట్టుకున్న చేతులూ, వాటి వెనక జనం వీపులూ. పదకొండేళ్ళుగా మా పండగ నేను ఆ కిటికీలోంచే చూశాను. ఆటలు మాత్రం వినబడతాయి. నారింజలు చిట్లుతాయి, పార గీరుకుంటుంది, ఓడినవాడు తిడతాడు. మా దగ్గర ఒక నియమం ఉంది. ఎవరైనా నీ ఆట ఆడుతుంటే నువ్వు చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి, నోరు విప్పకూడదు. ఆడేవాడు తికమకపడినా, తప్పు బటన్ నొక్కినా, నీ ఆట చెత్త అన్నా సరే. విప్పితే అక్కడికక్కడ ఒక గ్లాసు ఘాటైన కారిబూ మద్యం తాగాలి. కొత్తగా ఆటలు చేసే కుర్రకారు ఆ రోజు ఏడింటికల్లా తూలుతుంటారు.

నాలుగున్నరకి గంట మోగింది. చర్చివాళ్ళు పారేసిన పాత ఇత్తడి గంట, ఎవరైనా గెలిస్తే మోగడానికని రెమీ తెచ్చాడు. గంట వెనకే చప్పట్లు. నిమిషం తిరక్కుండా మళ్ళీ గంట, మళ్ళీ చప్పట్లు. ఆరోసారి మోగినప్పుడు గరిటె ఆపాను. మా ఆటలు అంత సులువుగా గెలిచేవి కావు. నిమిషానికో మనిషి గెలిచే ఆట ఎవరు చేశారు?

బృందం నడిపే ఫాతూ ఖాళీ గిన్నెల దొంతరతో వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీ మొగుడు ఈసారి కొంప ముంచాడే. నాలాంటి మొండిముండని కూడా ఏడిపించాడు. ఆ బిడ్డ కళ్ళు తెరవగానే ఇక ఆగలేకపోయాను."

"ఏ బిడ్డ? పిల్లి కదా?"

"పిల్లి ఏంటి?" అంది ఫాతూ.

ఆప్రాన్‌తోనే వెళ్ళాను. పరదా తీసేశారు. జనం వరుస కోట్లు తగిలించే కొయ్యల దాకా ఉంది. ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకున్న ఒకాయన నా మూటను గుండెకి ఆనించుకుని మెల్లగా ఊపుతున్నాడు. ఎదురుగా తెర మీద ఒక గది. పసుపు దీపం. కిటికీ బయట మంచు పడుతోంది. కిటికీ అద్దానికి కింద ఎడమ మూల సన్నటి పగులు.

ఆ పగులు నేను గీసింది. ఆసుపత్రి నాలుగో అంతస్తులో, నా మంచం పక్క కిటికీకి అచ్చం అక్కడే ఉండేది.

నాలుగేళ్ళ కిందటి మార్చి తొమ్మిది. ముప్పై ఎనిమిదో వారం. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినబడటం లేదని ముందురోజు చెప్పారు. పుట్టాక నర్సు దాన్ని పసుపు దుప్పట్లో చుట్టి నా చేతుల్లో పెట్టి, "మీకు కావలసినంతసేపు," అంది. రెండు గంటల పది నిమిషాలు నాకు కావలసి వచ్చింది. రెమీ కింద ఉన్నాడు. ఫోన్లు చేయాలన్నాడు, కారు పార్కింగ్ మీటర్ అయిపోతోందన్నాడు. తలుపు దాకా వచ్చేసరికి నర్సు దాన్ని తీసుకెళ్ళిపోయింది. "అయిపోయిందా?" అని అడిగాడు. అత్తగారు మర్నాడు సూపు తెచ్చి, "పేరూగీరూ పెట్టకు. పెడితే లెక్కలోకొస్తుంది. ఏడాది తిరిగేసరికి ఇంకొకరు పుడతారు," అంది. పేరు అప్పటికే పెట్టేశాను, ఆ గదిలో, నేనొక్కదాన్నే. రొజాలీ.

ఆ ఎండాకాలమంతా రెమీ నిద్రపోయాక పాత లాప్‌టాప్‌లో ఆ గది కట్టాను. ఆటలో చేయగలిగింది ఒకటే. ఒక బటన్ నొక్కి పట్టుకోవాలి. పట్టుకున్నంతసేపు మూట నీ చేతుల్లో మెల్లగా ఊగుతుంది, మంచు పడుతుంది. వదిలేస్తే ఆట మూసుకుపోతుంది. స్కోరు లేదు, గెలుపు లేదు. రెండు గంటల పది నిమిషాలు వదలకుండా పట్టుకుంటే తలుపు తెరుచుకుని ఎవరో చేతులు చాస్తారు. అంతే. ఎవరికీ చూపించలేదు. నా బిడ్డ ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క చోటే.

నలభై సెకన్లయ్యింది. తెర మీద మూట కదిలింది. కళ్ళు తెరిచింది. క్యారుమంది. రంగు కాగితాలు రాలాయి, గంట మోగింది. ఎర్ర టోపీ ఆయన మొహం తుడుచుకుంటూ లేచాడు, జనం చప్పట్లు కొట్టారు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆట: రెమీ గాన్యోన్. మూట కుట్టినది: మిరెయ్.

రెమీ పక్కనే నిలబడి ఆగకుండా మాట్లాడుతున్నాడు. ఎవరో సరదాగా కారిబూ అందిస్తే అదీ తాగుతున్నాడు. "ఇది ఆశ గురించిన ఆట," అంటున్నాడు. చెయ్యి పట్టుకుని కోట్ల వెనక్కి లాక్కెళ్ళాను.

"ఎక్కడిది ఇది?"

"సర్‌ప్రైజ్," అని నవ్వాడు. "ఆఖరి నిమిషంలో ఒకడు ఆట పంపలేనన్నాడు, ఒక మెషీన్ ఖాళీ అయింది. నీ పాత లాప్‌టాప్‌లో సగంలో వదిలేసింది దొరికింది. బొమ్మలు చాలా బాగా వేశావు మిరెయ్, నిజంగా. ఒక్కటే, చివర్లో ఇరుక్కుపోతోంది. గంటసేపు నడిపి చూశాను, ఏమీ జరగదు. లూప్‌లో పడి అక్కడక్కడే తిరుగుతోంది. ఏడు లైన్ల కోడ్ రాశాను, బగ్ పోయింది."

"గంటసేపు పట్టుకున్నావా?"

"పట్టుకోవడం ఎందుకు? బటన్ మీద స్టేప్లర్ పెట్టి ఆ గంటా కునుకు తీశా."

"తెర అడుగున పేరుండాలి. తేదీ ఉండాలి."

"తీసేశా. పేరుంటే ఒక్కరి కథ అవుతుంది, లేకపోతే అందరి కథా అవుతుంది. తేదీ నువ్వు ఫైల్ దాచిన రోజనుకున్నా."

"రొజాలీ ఎవరనుకున్నావు?"

"ఎవరో పాత్ర," అన్నాడు. భుజం మీంచి వరుస కేసి చూస్తూ. "ఇప్పుడు ఇదంతా ఎందుకు? జనం ఏడుస్తున్నారు చూడు. నీ పేరు కూడా వేశానుగా."

అబద్ధం చెబుతున్నాడేమోనని ఆయన కళ్ళలో వెతికాను. ఎంత ఆశగా వెతికానో చెప్పలేను. దొంగిలించి ఉంటే బాగుండేది. దొంగకి తాను ఎత్తుకెళ్ళేదేమిటో తెలుస్తుంది. ఈ మనిషి తన బిడ్డ గదిలోకి వెళ్ళి, కిటికీ చూసి, మంచు చూసి, దాని పేరు చదివి, స్టేప్లర్ పెట్టి నిద్రపోయాడు. లేచి బిడ్డ చావుని బగ్ అనుకుని సరిచేశాడు. మధ్యాహ్నానికి దాని బరువు నా చేతే తూయించాడు. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు, రెమీ. మూడు కాదు.

"మిరెయ్, సూపు అడుగంటుతోంది," అని అత్తగారు టికెట్ల బల్ల దగ్గర్నుంచి కేకేసింది. "మొగుడూ పెళ్ళాల ముచ్చట్లు ఇంటికెళ్ళాక."

అడుగంటనిచ్చాను.

మెషీన్ వెనక తలుపు తెరిచి కీబోర్డు బయటికి లాగాను. ఆ చెక్క పెట్టెలు ఇసుక కాగితంతో రుద్దింది నేనే, ఏది ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలను. ఏడు లైన్లు కనిపించాయి. ఒక్కొక్కటే చెరిపేశాను. పేరు కొట్టాను. తేదీ కొట్టాను. గంట తీగ పీకేశాను. వరుసలో ముందున్న ముసలావిడ, "ఇప్పుడు నా వంతమ్మా," అంది. "ఒక్కసారి నన్ను కూర్చోనివ్వండి," అన్నాను. ఏం చూసిందో నా మొహంలో, తప్పుకుంది. మూట చేతుల్లోకి తీసుకున్నాను.

నలభై సెకన్లు దాటాయి. ఏమీ కదలలేదు. రెండు నిమిషాలు. అయిదు. వెనక గుసగుసలు మొదలయ్యాయి, "ఆగిపోయింది, పద పద," అని కొందరు నారింజల దగ్గరికి పోయారు. మిగిలినవాళ్ళు నిలబడ్డారు. పది నిమిషాలకి అకార్డియన్ కూడా ఎందుకో ఆగింది.

రెమీ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఇరుక్కుపోయింది మిరెయ్. చెయ్యి వదిలెయ్, మళ్ళీ మొదలుపెడతా."

"నోరు మూసుకో," అంది ఫాతూ. "ఆట చేసినవాళ్ళు మాట్లాడకూడదు."

"నేనే కదా చేసింది."

"నువ్వా? నువ్వు పొద్దుట్నుంచి నోరు మూయలేదు," అంది ఫాతూ. ఆమె చూపు తెర మీంచి నా మీదికి, నా మీంచి తెర అడుగున ఉన్న అక్షరాల మీదికి వెళ్ళింది. రెమీ కూడా అటే చూశాడు. రొజాలీ. మార్చి తొమ్మిది.

పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. మళ్ళీ చదివాడు. తర్వాత కిటికీ చూశాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ మొహంలో ఏదో విరగడం చూశాను. ఇంతకాలం నేను ఎదురుచూసింది దానికోసమే. తీరా వచ్చాక దాంతో నాకు ఏ పనీ లేదని తెలిసింది.

"అప్పుడు నేను కింద ఉన్నాను," అన్నాడు. "ఆ మీటర్..."

"తెలుసు."

నా ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కారిబూ వాసన. రెండు చేతులూ చాచాడు. "ఒక్కసారి ఇవ్వు మిరెయ్. ఒక్క నిమిషం."

మూటను ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాను. మంచు పడుతోంది. నా వెనక ముసలావిడ కుర్చీ లాక్కుని, కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని, తన వంతు కోసం స్థిమితంగా కూర్చుంది. ఆమె వెనక ఇంకా పదిమంది ఉన్నారు. ఎవరూ టైమెంతవుతుందని అడగలేదు.

"వరుసలో చివరికి వెళ్ళు, రెమీ," అన్నాను. "వీళ్ళంతా నీకంటే ముందు వచ్చారు."