గురువారం వంతు

జట్టు వెబ్‌సైటులో అన్ని పనులూ నేర్చుకున్న ఒతెంగ్ మాస్టారు ఒక్క పని మాత్రం చేయలేకపోయాడు. ఎవరి పేరు పక్కనా 'చూడటానికి మాత్రమే' అని పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు.

ఎనిమిది కుటుంబాలు కలిసి వేయించుకున్న బోరు అది. ఊరికి పదకొండు కిలోమీటర్ల అవతల, పశువుల దొడ్ల దగ్గర ఉంది. ప్రతి మందకూ వారానికి రెండు వంతులు. ఎవరి వంతైతే వాళ్ల దగ్గర ఇంజను గది తాళం ఉండాలి, తాగించాక తరువాతి వంతువాళ్లకు అందించాలి. కాగితం మీద రాసిన వంతుల పట్టికను రెండేళ్లు వరసగా చెదలు తిన్నాక, మాస్టారు దాన్ని జట్టు సైటులోకి ఎక్కించాడు. ఎనిమిది ఇళ్లకూ పట్టికను మార్చే హక్కు ఇచ్చాడు. ఖోట్లాలో, అంటే ఊరి సభలో, లేచి నిలబడ్డవాణ్ణి కూర్చోమనడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎంత పిచ్చిమాటైనా చివరిదాకా వింటారు. ఆ సభలో పెరిగిన మనిషి ఇంకొకరికి 'నువ్వు చూడు, ముట్టుకోకు' అని ఎలా చెబుతాడు?

అక్టోబరు ఎండలు ముదిరాయి. ఆ గురువారం మధ్యాహ్నం సెగమెత్సి తన పద్దెనిమిది పశువులనూ తోలుకుని బోరు దగ్గరికి వచ్చింది. తొట్టి అడుగున తడి బురద తప్ప ఏమీ లేదు. ఇంజను గదికి తాళం వేసి ఉంది. ఆమె వంతులో దితిరో మంద తాగి వెళ్లిపోయింది. అక్కడ ఫోను పలకదు. ఆ రాత్రంతా కాచుకుంది. పట్టికలో శుక్రవారం పొద్దున వంతు గడి ఖాళీగా ఉండటంతో తాళం తెచ్చే మనిషే లేడు. మధ్యాహ్నం మరో కుటుంబం వెతికి తాళం తెచ్చేసరికి ఆమె చూడి పెయ్య కూలబడిపోయింది. నీళ్లు పట్టించారు. తాగింది గానీ లేవలేదు.

శనివారం సభ అని కబురు వచ్చింది. ఆ పశువులు సెగమెత్సికి తల్లి వదిలివెళ్లినవి. ఆమె మాస్టారి గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది, "సభలో నాకు జవాబు దొరక్కపోతే మందనంతా అమ్మేస్తా మాస్టారూ. నమ్మకం లేని నీళ్లు నాకొద్దు."

ఆమె వెళ్లాక మాస్టారు సైటులో మార్పుల చరిత్ర తెరిచాడు. ఊరంతా దితిరోను అనుమానిస్తోంది. నోటి దురుసు మనిషి, పైగా కిందటేడు సెగమెత్సితో కంచె దగ్గర గొడవ పడ్డాడు. కానీ అక్కడ కనిపించింది అతని పేరు కాదు. బుధవారం సాయంత్రం నాలుగు పదికి దితిరో శుక్రవారపు పేరును సెగమెత్సి గురువారం గడి మీదికి లాగింది ర్రా సెలెలో.

అయ్యా అన్నట్టు గౌరవంగా ఊరంతా ర్రా అని పిలిచే సెలెలోకు ఎనభై ఒకటి. ఆ నీళ్ల చోటు చూపించింది ఆయనే. చూపు మందగించింది, అక్షరాలు పెద్దవి చేయడానికి తెరను బొటనవేలితో గట్టిగా అదుముతాడు. అంతే జరిగింది. ఆయన హక్కు తీసేసే మీట మీదికి మాస్టారి వేలు వెళ్లి, వెనక్కి వచ్చింది. చెప్పకుండా తీసేస్తే పెద్దాయన నోరు మూసినట్టు. సభలో చెబితే పరువు తీసినట్టు. ఊరుకుంటే దితిరో దోషి, సెగమెత్సికి మంద ఉండదు.

శనివారం తెల్లవారుతూనే మాస్టారు సెలెలో ఇంటికి వెళ్లాడు. పెద్దాయన నిప్పు పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. మాస్టారు ఫోనులో ఆ మార్పు చూపించాడు.

"నా వేలా?"

"మీ వేలే, ర్రా."

పెద్దాయన తన బొటనవేలిని చూసుకున్నాడు. కప్పులో మిగిలిన టీ మాస్టారి చేతికిచ్చి, "తాగు. నడిచి వచ్చావుగా," అన్నాడు.

సభలో సెగమెత్సి తన కుర్చీలోంచి లేచి జరిగింది చెప్పింది. ఏడవలేదు. దితిరో లేచాడు.

"పట్టికలో నా పేరుంది, వచ్చా. లేకపోతే ఆ ఎండలో నాకేం సరదానా?"

"పేరు దానంతట అదే నడిచొచ్చిందా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "నీ ఎద్దులకంటే చురుగ్గా ఉందే!"

నవ్వారు. దితిరో మొహం కందిపోయింది.

పెద్దవాళ్లు చివరన మాట్లాడటం అక్కడి మర్యాద. సెలెలో ఆగలేదు. కర్ర పట్టుకుని లేచి, టోపీ తీశాడు.

"నడిపించింది నేను. ఈ వేలు. కళ్లు కనబడవు, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. దితిరో, నీ మీద పడ్డ మాట నాది. అమ్మా సెగమెత్సి, నీ పెయ్య బతక్కపోతే నా మందలోంచి ఒకటి ఎంచుకో."

పెద్దాయన మాస్టారి వైపు తిరిగాడు.

"ఒతెంగూ, ఇక్కడ అందరూ మాట్లాడతారు. సభ నిర్ణయం రాసేదెవరు?"

"గుమాస్తా ఒక్కడే, ర్రా."

"మరి మా ఎనిమిదిమందికీ కలం ఎందుకిచ్చావయ్యా? మాట్లాడే హక్కు ఇవ్వు, చాలు. ముందు నా కలం తీసెయ్. ఇక్కడే, నా కళ్లముందే."

"మీ కళ్లకు కనబడదుగా తాతా!" అన్నాడు దితిరో. ఈసారి అందరికంటే ముందు నవ్వింది పెద్దాయనే.

మాస్టారు చెదపుట్ట ఎక్కాడు. సభ దగ్గర సిగ్నల్ ఆ పుట్ట మీదే దొరుకుతుంది. ఏడు పేర్లకు చూసే హక్కు, పక్కన తమ మాట రాసే హక్కు ఉంచి, పట్టిక మార్చే హక్కు తీసేశాడు. ఎనిమిదో పేరు సెగమెత్సిది, అక్కడ ఆగాడు.

"కలం ఎవరికి?"

"దెబ్బ తిన్న మనిషికి," అంది దితిరో భార్య. "ఆమె గడి జరపదు, జరపనివ్వదు."

సెగమెత్సి వెంటనే ఒప్పుకోలేదు. "ఎవరైనా వంతు మార్చమంటే ముందు అక్కడ రాయాలి, అందరూ చదవాలి. అప్పుడే మారుస్తా. నా వంతైనా సరే," అంది. సరేనన్నారు. మాస్టారు తన పేరుకున్న హక్కు కూడా తీసేసుకుని, సైటు తాళపుచెవిని, అంటే హక్కులిచ్చే అధికారాన్ని మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు.

ఆ సాయంత్రం దితిరో తన ట్రాక్టరు తెచ్చాడు, ఎవరూ అడగలేదు. అందులో వచ్చిన ఇసుక బస్తాలను, ఒరిగిపోకుండా, పెయ్యకు అటూ ఇటూ ఆనించారు. ఆదివారం మధ్యాహ్నం అది ముందుకాళ్ల మీద లేచి, పడి, మళ్లీ లేచింది.

తరువాతి గురువారం బోరు నుంచి తిరిగొస్తూ సెగమెత్సి చెదపుట్ట దగ్గర ఆగి ఫోను తీసింది. పట్టికలో ఆమె వంతు ఆమె గడిలోనే ఉంది. పక్కన కొత్త మాటలు చేరాయి, అందరూ చదివినట్టు గుర్తులూ ఉన్నాయి. తన సోమవారం వంతులో సగం నీళ్లు చూడి పెయ్యకు వదిలేస్తానని దితిరో రాశాడు. దాని కింద, సభలో మాట ముగిశాక అందరూ వాన కోరుతూ వేసే కేక ఒక్కటే ఉంది. దాన్ని టైపు చేయడానికి పెద్దాయనకు ఎంతసేపు పట్టిందో తెలియదు.

"పులా."

పశువులు నిండు కడుపులతో నెమ్మదిగా నడుస్తున్నాయి. ఆమె దితిరో మాట కింద 'సరే' అని రాసి, సోమవారం గడిని రెండుగా విడదీసి, మంద వెనక కదిలింది.